ఏడో గుంట

విచారణకు వచ్చిన పెద్దమనుషులు నన్ను గుచ్చి గుచ్చి అడిగింది ఒక్కటే, యంత్రంలో లోపం ఎక్కడుందని. లోపమేమీ లేదని చెప్పాను. వాళ్ళకు ఆ జవాబు నచ్చలేదు. చివరికి యంత్రం వల్లే ఒక మనిషి చూపు పోయిందని కాగితం మీద రాసుకుని, టీ తాగి, కారెక్కి వెళ్ళిపోయారు. యంత్రానికి చేతులుంటాయా? మీట నొక్కింది నేను. కళ్ళు పోయింది నా చెల్లెలు తాయమ్మకు. ఆమెను ఆ గుడారంలోకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిందీ నేనే.

మాది కృష్ణ ఒడ్డున గుండ్లదొడ్డి. ఊరవతల గుట్ట కింద, ఎవరు పాతారో ఎవరికీ తెలియని నిలువురాళ్ళు, ఒక్కొక్కటి మనిషికి రెండింతలు. వాటి మధ్య ఒక పడక బండ. దాని మీద బొటనవేలు దూరేటన్ని గుంటలు పన్నెండున్నాయి. ఏడింటిని ఎవరో సున్నంతో, లక్కతో మెత్తి పూడ్చారు. ఐదు ఖాళీ. మేము దాన్ని చుక్కలబండ అంటాం. చిన్నప్పుడు ఆ ఖాళీ గుంటల్లో గోలీలాడుకున్నాం, అంతే మాకు తెలిసిన చరిత్ర.

నేను హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో టెక్నీషియన్ని. మా పైఅధికారి డాక్టర్ వారిజ మేడం. ఇసుక రేణువు చీకట్లో పడేముందు తనకు తగిలిన వెలుగును పట్టుకుని వేల ఏళ్ళు కూర్చుంటుందన్న సంగతి మా రంగంలో అందరికీ తెలిసిందే. ఆ వెలుగు వట్టి వెలుగు కాదనీ, పక్కపక్క రేణువుల్లో కలిసి బొమ్మగా ఉంటుందనీ కనిపెట్టింది మేడం. పూడ్చిన గుంట అడుగున, పూడ్చడానికి ముందు ఒక పూట వెలుగు మొత్తం దాక్కుని ఉంటుంది. దాన్ని కదిలించి బయటికి తీసే డబ్బాకు శిలాదర్శిని అని పేరు పెట్టింది. ఏ సంవత్సరంలో పూడ్చారో కూడా అది ఒకటి రెండేళ్ళ తేడాతో చెప్పేస్తుంది. చిక్కేమిటంటే ఒకసారి చదివితే ఆ గుంట శాశ్వతంగా ఖాళీ. రెండో చిక్కు, కెమెరా పెడితే మరకలు తప్ప ఏమీ పడవు. చీకటికి అలవాటైన మనిషి కన్ను కావాలి.

ప్రయోగశాలలో అందరం చూశాం. పొగ కనిపించింది. వీధి దీపాలకు అలవాటు పడిపోయిన కళ్ళు మావి.

అప్పుడు నేనే నోరు తెరిచాను. "మా చెల్లె ఉంది మేడం. మంద కాస్తది. అమావాస్య నాడు గొర్రె చెవి మీద మచ్చ గుర్తుపడ్తది" అన్నాను. ఆ మాట అన్నందుకు నా నాలుక కోసినా పాపం లేదు.

తాయమ్మ ఒప్పుకోవడానికి కారణం గుట్ట. దాన్ని క్వారీకి ఇస్తున్నారని ఏడాదిగా వింటున్నాం. గుట్ట పోతే మందకు మేపు లేదు. అది పూర్వులు చుక్కలు చూసిన చోటని రుజువైతే గుట్టతో సహా కాపాడతామని అధికారులు మాటిచ్చారు. ఆ ఏడు గుంటలు సప్తర్షి మండలం పటమని మేడం గట్టి నమ్మకం. సప్తర్షులను మా ఊళ్ళో ముసలమ్మ మంచం అంటారు. బండ ముందు నిలబడగానే తాయమ్మ నవ్వేసింది.

"ఇది మంచం గాదు మేడం. ముసలమ్మ మంచానికి నాలుగు కోళ్ళు, ఎత్కపోయే దొంగలు ముగ్గురు. ఈడ దొంగలు మంచం కిందికి దూరిన్రు."

"మూడువేల ఏళ్ళ కిందటి బొమ్మమ్మా, కాస్త అటూ ఇటూ ఉంటుంది" అంది మేడం.

బండ మీద నల్ల గుడారం వేశాం. పట్టపగలే లోపల కటిక చీకటి. చీకట్లో ముప్పావుగంట కూర్చోబెట్టి, డబ్బాలోని వెలుగును కళ్ళకు చేరవేసే టోపీని తాయమ్మ తలకు తగిలించి, మొదటి గుంట సున్నం పొర ఊడదీసి దాని మీద డబ్బా కంటిని ఆనించాను. మీట నొక్కాను. మసగ్గా వెలిగే కొలత ముల్లు ఆకుపచ్చ గీత లోపలే ఉంది. అది దాటితే కంటికి ప్రమాదం. ఆ గీత ఎక్కడ గీయాలో లెక్క కట్టిందీ నేనే.

ఆరో నిమిషంలో తాయమ్మ అరిచింది. నా చెల్లెలు పాము కరిచినప్పుడు కూడా అలా అరవలేదు. టోపీ పీకేసి, చేతికందిన మేడం మెడ పట్టుకుంది. నేను వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. బయటికి వచ్చి వాంతి చేసుకుని, నిలువురాయికి ఆనుకుని చెప్పింది.

"కింది నుంచి సూసినన్నా. గుంటల పండుకొని సూసినట్టు. ఒక ముసలామెను ఈడ్సుకొచ్చిన్రు. జుట్టు పట్టి బండకేసి కొట్టిన్రు. ఒకసారి గాదు, మస్తుసార్లు. ఆమె కన్ను నా కంటి మీదికొచ్చింది, గింత దగ్గర. అది తెరిసే ఉన్నది. అండ్లకెల్లి నెత్తురు కారి గుంట నిండింది. ఎన్క ఎవరో నెత్తురు మీదనే సున్నం కుక్కిన్రు."

"ఆకాశం కనిపించిందా? నక్షత్రాలేమైనా?" మేడం మెడ మీద గోళ్ళ గాట్లతోనే పెన్ను పట్టుకుని కూర్చుంది.

"తెల్లారింది మేడం. తెల్లారినంక చుక్కలు యాడుంటయి?"

రెండో గుంటలో ఒక మగమనిషి. ముందు కుడిచేతి వేళ్ళు గొడ్డలితో నరికారు, తర్వాత మెడ. నరికే ముందు అతను తూర్పు వైపు మూడు వేళ్ళు వరసగా చూపిస్తూ ఏదో మొత్తుకున్నాడట. మూడో గుంటలో ఇద్దరు, తల్లీ కూతురూ. చంపినవాళ్ళంతా తడిసి ముద్దయి ఉన్నారని, ఒకడు నీళ్ళు కారుతున్న పసిబిడ్డ శవాన్ని బండ మీద పడుకోబెట్టి, ఆ బిడ్డ పక్కనే తల్లి తల పగలగొట్టాడని చెప్పింది. కూతురి నోట్లో ఇసుక కుక్కి, ఆమె కదలడం ఆగేదాకా గుండెల మీద కూర్చున్నారట. చెప్తున్నంతసేపూ తాయమ్మ తన చీర కొంగును ముక్కలు ముక్కలుగా చింపుతూ ఉంది. నేను రాసుకుంటున్నాను. చేతి రాత వంకర పోకుండా రాశాను, అదీ నా గొప్ప.

ఆ మర్నాడు పొద్దున ఇంటికి వెళితే తాయమ్మ జొన్నరొట్టె కొడుతోంది. రొట్టె తట్టడం ఆపకుండా చెప్పింది.

"అన్నా, నిన్న రాత్రి అరుంధతి కానొస్తలేదు. చుక్కలల్ల పిల్లలకోడి ఉన్నది, ఎనకాల పిల్లలు లెవ్వు."

అక్షరాల పటం గోడకు తగిలించి, ఇరవై అడుగులు కొలిచి, చదవలేని మనిషి కాబట్టి గీతలు ఎటు తిరిగాయో చూపించమన్నాను. అన్నీ సరిగ్గా చూపింది. చిట్టచివరి వరస కూడా.

"నీ కండ్లు నాకన్న మంచిగున్నయ్" అన్నాను.

"పొద్దుగూకినంక సంగతి చెప్తుంటే నువ్వు పగటీలి పటం సూపిస్తున్నవు" అని కసిరింది.

నవ్వాను. ముల్లు ఆకుపచ్చలో ఉంది కదా. మేడంతో చెబితే ఆమె కూడా అదే అంది, భయపడ్డ మనసు ఏవేవో ఊహించుకుంటుందని. ఆ గీతను నేను నిరుడు కట్టిన గోడల రాళ్ళతో, నూరేళ్ళ గుడి మెట్లతో పరీక్షించి గీశాను. మూడువేల ఏళ్ళ పాటు బిగబట్టిన వెలుగు ఒక్కసారిగా కంట్లోకి దూకితే ఏమవుతుందో నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా నాకు తోచలేదు. చీకట్లో చూపునిచ్చే కణాలు వేరు, పగలు చూపునిచ్చేవి వేరు అని పదో తరగతి పుస్తకంలో ఉంటుంది.

నాలుగో గుంట, ఐదో గుంట, ఆరో గుంట. వరసగా రెండు వారాల్లో అయిపోయాయి. చావులు వర్ణించను, విని విని నాకే అన్నం సయించడం మానేసింది. ఒకటి మాత్రం చెప్తాను. ఆరో గుంటలో చచ్చిన ముసలివాడు పారిపోలేదు, అరవలేదు. తడి బట్టలతో పరుగెత్తుకొస్తున్న జనాన్ని చూసి, తనే వచ్చి బండ మీద తల పెట్టాడు. అయినా వాళ్ళు ఒక్క దెబ్బతో వదల్లేదు.

ఆరో గుంట చదివిన సాయంత్రమే మంద మీద కుక్కలు పడ్డాయి. ఊరి మీద తిరిగే కుక్కల గుంపు. దొడ్డి కంపలో సందు ఉంటే తాయమ్మకు కనపడలేదు. మసక వెలుతురులో తన కాళ్ళ ముందే పదకొండు గొర్రెపిల్లల గొంతులు చీలుతుంటే, చప్పుడు వినపడ్డ వైపు కర్ర తిప్పుతూ నిలబడింది. ఆ కర్ర తగిలి ఒక పిల్ల నడుము విరిగింది.

నేను వెళ్ళేసరికి తాయమ్మ మొగుడు, మా బావ బుగ్గప్ప దొడ్డి మధ్య కూర్చుని, బతకదని తెలిసిన పిల్లల్ని ఒక్కొక్కదాన్నే కోస్తున్నాడు. నన్ను చూసి కత్తి కింద పెట్టాడు. గొడ్డలి కామకర్ర తీసుకున్నాడు.

"నీ చెల్లె మొఖం సూడు. దీపం ముంగట పెట్టినా తడుముకుంటున్నది. ఏం సూపిస్తున్నవురా ఆ గుడారంల?"

"బావా, ముల్లు పచ్చలోనే..."

మాట పూర్తి కాలేదు. నా ఎడమ చెయ్యి మోచేతి కింద రెండుగా విరిగింది. కింద పడ్డాక కూడా వీపు మీద కొట్టాడు. చివరికి తాయమ్మ అడ్డం పడబోయి, నేను ఎక్కడున్నానో తెలియక అతని మీదే పడింది. అప్పుడు ఆగాడు. పెద్దమనిషి, అందరి ముందూ పొర్లి పొర్లి ఏడ్చాడు.

కట్టు కట్టించుకుని రెండు రోజులు చెల్లెలి ఇంట్లోనే పడుకున్నాను. బుగ్గప్ప నా మొహం చూడలేక మిగిలిన మందను తోలుకుని ఎగువకు వెళ్ళిపోయాడు. నన్ను చూడటానికి వచ్చిన మేడంను మంచం పట్టె మీద కూర్చోబెట్టి, తాయమ్మ తన బుర్రలో తిరుగుతున్నదంతా చెప్పింది.

"మీరు బొమ్మ బొమ్మ అంటున్నరు. అది బొమ్మ గాదు. పన్నెండు గుంటలు పన్నెండు దినాలు. తెల్లారుజామున గొల్లకావడి మూడు చుక్కలు మొదటిసారి పొడిసిన దినం ఒక గుంటల గులకరాయి ఏస్తరు. ఎన్క దినానికొకటి. అన్ని నిండిననాడు మందలను, పిల్లలను తోలుకొని ఏరు దాటాలె. గా రెండో ఆయన మూడు వేళ్ళు సూపింది గొల్లకావడినే. ఒక ఏడాది ఏరు దాటుతుంటే నడుమల వరద వచ్చింది. ముంచింది. చుక్కలు సూసినామె తప్పు లెక్క చెప్పిందని చంపిన్రు, ఆఖరి గుంట పూడ్సిన్రు. ఇగ పదకొండు దినాలే. మల్ల కొన్నాళ్ళకు మల్ల వరద. మల్ల ఒకరిని చంపిన్రు."

"కొన్నాళ్ళకు అంటే?" అడిగింది మేడం.

ఆ జవాబు నా నోట్‌బుక్‌లో ఉంది. ఒక్కో గుంట పూడ్చిన సంవత్సరం డబ్బా రాసిపెట్టింది. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య డెబ్బై, డెబ్బై రెండు, డెబ్బై ఒకటి, డెబ్బై ఒకటి, డెబ్బై. నేను చదువుతుంటే మేడం మంచం మీద నుంచి జారి నేల మీద కూర్చుంది.

"ఆకాశం జరుగుతుంది అంజిలప్పా" అంది. "వానాకాలం ఎప్పటిలాగే వస్తుంది. చుక్కలు మాత్రం డెబ్బై ఏళ్ళకు ఒక రోజు ఆలస్యంగా పొడుస్తాయి. బతికున్నవాళ్ళెవరూ పట్టుకోలేనంత మెల్లగా. వీళ్ళు నానమ్మల నాటి లెక్క తప్పదనుకున్నారు. తప్పింది చూసిన మనిషే అనుకున్నారు. ముందు హత్య చూసినవాడు ఒక్కడైనా మిగిలి ఉంటే..."

"అందుకే ఇప్పుడు గొల్లకావడి పొడిసేటాళ్ళకు ఏరు నిండుగ పారుతున్నది. మా అత్త చుక్కలను సూసి గాదు, ఏటిని సూసే దాటుమంటది" అంది తాయమ్మ.

సప్తర్షి పటం అక్కడితో పోయింది. కానీ అంతకంటే వందరెట్లు పెద్దది దొరికింది. సోమవారం అధికారులు వస్తున్నారు. ఐదు అంతరాలు సరిపోవని మేడం లెక్కలు తీసింది. ఏడో గుంట కూడా డెబ్బై ఏళ్ళ తర్వాతిదే అయితే ఇక ఎవరూ కాదనలేరు, గుట్టను ఎవరూ ముట్టలేరు. పైగా ఇంకో ప్రశ్న ఉంది. ఏడో దాంతో చంపడం ఎందుకు ఆగింది? ఖాళీ గుంటలు ఇంకా ఐదున్నాయి. ఆ తర్వాత వందేళ్ళలోపే, మేడం వయసు కట్టిన చుట్టుపక్కల పాత సమాధులు కూడా ఆగిపోయాయి.

"ఆమె చూడదు. ఇంకొక్క గుంటంటే పగటి చూపు కూడా పోతది" అన్నాను.

"ఎట్ల తెలుసు? నీ ముల్లు చెప్పిందా?" అంది తాయమ్మ. ఆ ఎగతాళి నాకు మంటలా తగిలింది. "నేను చెప్పిననాడు ఇనలే. ఇప్పుడు నేనే సూస్త అంటున్న. ఆరు గుంటల సావులు సూసిన్నన్నా. కండ్లు మూసుకుంటే వాళ్ళే. ఏడో గుంటల మనిషి బతికిందేమో. ఆడ ఆగిందంటే ఏదో మంచి జరిగే ఉంటది. అది సూడకుంట ఈ సచ్చినోళ్ళతోని నేను ఎట్ల బతకాలె? మీ బావ వచ్చేలోపల కానియ్."

నేను ఫ్యూజు పీకి ఏట్లో పారేసి ఉంటే అయిపోయేది. ఒంటి చేత్తో కూడా చేయగలిగిన పని. చేయలేదు. గుట్ట కోసమని, ఆమె కోసమని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నాకూ తెలుసుకోవాలని ఉంది. ఆ ఆశ నన్ను లోపల నుంచి కొరికేస్తోంది.

ఆదివారం మధ్యాహ్నం గుడారంలోకి వెళ్ళాం. టోపీ మేడం తగిలించింది. నా విరిగిన చెయ్యి మెడకు వేలాడుతోంది. ముల్లు పచ్చలోనే ఉంది. మీట మీద వేలు పెట్టి ఉంచాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగి ముల్లు రెండుగా కనిపిస్తోంది. నొక్కాను.

ఈసారి తాయమ్మ అరవలేదు. చూస్తూనే చెప్పసాగింది.

"ఆడపిల్ల. చిన్నదే, నా అంత ఉండదు. గుంట పక్కనే కూసున్నది. నవ్వుతున్నది. అన్నా, జనం వస్తున్రు, పొడిగున్నరు! ఎవ్వరు తడవలే. చంకల పిల్లలున్నరు, బతికే ఉన్నరు. దూరంగ ఏరు ఉరుకుతున్నట్టున్నది, అందరు ఎన్కకు తిరిగి తిరిగి సూస్తున్రు. వీళ్ళు ఒక దినం ముందే దాటిన్రన్నా. ఈమెనే దాటిపిచ్చింది. ఈ గుంటల రాయి ఏయలే. ఏయకుంటనే నిండినయని చెప్పింది."

మేడం నా భుజం పట్టుకుంది. సంతోషంతోనని అనుకున్నాను.

"ఒక ముసలాయన వంగి సూస్తున్నడు. గుంటల వేలు పెట్టిండు. ఖాళీ ఉన్నదని అందరికి సూపిస్తున్నడు." తాయమ్మ గొంతు నెమ్మదించింది. "ఆమె ఏటి దిక్కు చెయ్యి సూపుతున్నది. పిల్లలను సూపుతున్నది. ఎవ్వరు సూస్తలేరు. అందరు గుంటనే సూస్తున్రు. రాయిని మోసం చేసింది అనుకుంటున్నరు. వంగుతున్రు. రాళ్ళు ఏరుతున్రు."

"ఆపు" అన్నాను. టోపీ లాగబోతే తాయమ్మ రెండు చేతులా అదిమి పట్టుకుంది. మీట వెనక్కి తిప్పాను. కదిలిన వెలుగు ఆగదు. నాకు తెలుసు.

"ముందల ఎవరు ఏస్తలేరు. ఒకాయనను నూకిన్రు ముందటికి. ఒకటే ముక్కు, ఒకటే గదుమ. ఆమె అన్న. ఆమె ఉరికొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నది, కాపాడుతడని. ఇంకో చేతిల రాయి ఉన్నది."

తర్వాత టోపీ కింద తాయమ్మ తల ఒక్కో దెబ్బకూ అదిరింది. పద్దెనిమిది సార్లు. లెక్కపెట్టాను, ఇంకేం చేయాలో తెలియక. ఆఖరికి ఆమె పెదాలు కదిలాయి. "అన్ననే సున్నం తెచ్చిండు. అన్ననే పూడ్సిండు. ఇగ దీని ఎన్క లెక్క దిద్దేటందుకు ఎవరు చెయ్యి పెడ్తరు? అందరు రాయికే మొక్కి మునిగిపోయి ఉంటరు."

టోపీ తీసి గుడారం తెర ఎత్తాను. ఎండ నేరుగా మొహం మీద పడింది. తాయమ్మ రెప్ప కూడా కొట్టలేదు. మేడం పరుగెత్తుకుంటూ బయటికి వెళ్ళి, నిలువురాయికి తల బాదుకుంటోంది. ఆ చప్పుడు వైపు తాయమ్మ మొహం తిప్పింది. తర్వాత చెయ్యి గాలిలో తడుముతూ వచ్చి నా గడ్డం తాకింది, అక్కడి నుంచి పైకి పాకింది. వేళ్ళకు తడి తగిలి ఆగింది.

"ఏడుస్తున్నవా అన్నా?"

ఆ వేళ్ళను నా చెంపకు అదుముకున్నాను.

"ఆయన గూడ ఏడ్సుకుంటనే ఏసిండు."